ఆరు సిలిండర్లా, ఎనిమిది సిలిండర్లా?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు సభలో మాట్లాడేవారు పంచాంగం గురించి చెబుతారు, లేదా మాతృభాష గురించి చెబుతారు. ఈ ఏడు కార్యవర్గంవారు మాకొక వింత విషయం అప్పగించారు. స్పోర్ట్సు కారుకు ఆరు సిలిండర్ల ఇంజను మేలా, ఎనిమిది సిలిండర్ల ఇంజను మేలా, తేల్చి చెప్పమన్నారు. రైల్వేలో జీతం తీసుకునేవాడికి ఇంజన్ల సంగతి తెలియకుండా వుంటుందా అని వారి వూహ కాబోలు. మేము చేసేది గూడ్సు గుమాస్తా పని. బరువెంత, దూరమెంత, కిరాయెంత, ఈ మూడే మా శాస్త్రం. చదువు మెట్రిక్కు. అయినా డ్రైవర్లనూ మెకానిక్కులనూ అడిగి, పుస్తకాలు తిరగేసి కొంత కూర్చుకున్నాము. అది మీ ముందు పెడుతున్నాము.

ఈ విషయం ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. మన సంఘంలో ఒక పెద్దాయన వున్నారు. పేరు చెప్పము, చెప్పడానికి వారి అనుమతి కథ వరకే వున్నది. వారి అబ్బాయి అమెరికాలో చదివి, అక్కడే ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. చదువుకని ఇక్కడి నల్లరేగడి చేను బ్యాంకిలో తాకట్టు పెట్టారు. కంతులు ఇంకా తీరలేదు. ఇప్పుడా అబ్బాయి ఒక పాత డాడ్జి ఛాలెంజరు కారు కొనదలచాడు. ఆ కారు తయారీ 2023తో ఆగిపోయింది గాని వాడినవి అమ్మకానికి దొరుకుతూనే వున్నాయి. అందులో రెండు రకాలు వచ్చేవి. ఆరు సిలిండర్లది 3.6 లీటర్లు, అశ్వశక్తి సుమారు 300. ఎనిమిది సిలిండర్లది 5.7 లీటర్లు, అశ్వశక్తి సుమారు 370. అబ్బాయి మనసు ఎనిమిది మీద వున్నది. కారు కంతులోనూ, బీమాలోనూ, పెట్రోలులోనూ కలిపి ఆరుకూ ఎనిమిదికీ నెలకు వచ్చే తేడా దాదాపు ఇక్కడి బ్యాంకి కంతుకు సరిపోతుందని లెక్క కట్టినవాడూ అతడే. తండ్రి మమ్మల్ని పిలిచి, “ఏమప్పా, నువ్వు రైలు మనిషివి గదా. ఆ రెండు సిలిండర్లలో ఏముంది? మా చేనంత విలువ వుందా?” అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ ప్రసంగం.

ముందు సిలిండరంటే ఏమిటో చూద్దాము. మన చేలల్లో పాత ఆయిలింజను పంపుసెట్టు చూడనివారు ఈ సభలో వుండరు. దానికి ఒకే సిలిండరు, పక్కన పెద్ద బరువైన చక్రం. లోపల పిస్టను నాలుగు పనులు వరసగా చేస్తుంది: గాలి పీలుస్తుంది, నొక్కుతుంది, ఇంధనం మండగా కిందికి తోయబడుతుంది, పొగ బయటికి వదులుతుంది. ఈ నాలుగింటిలో బలం వచ్చేది మూడవ పనిలోనే. క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్క దెబ్బ. తక్కిన కాలమంతా ఆ పెద్ద చక్రం తన వేగంతో ఇంజనును నడుపుతుంది. అందుకే పంపుసెట్టు “డబ్ డబ్” మని ఒక్కొక్క దెబ్బే విడివిడిగా వినిపిస్తుంది.

సిలిండర్లు పెంచితే దెబ్బలు దగ్గరపడతాయి. నాలుగున్న ఇంజనులో ఒక దెబ్బ ముగిసేసరికి మరొకటి అందుకుంటుంది. ఆరున్నచోట మొదటిది ముగియకముందే రెండవది వస్తుంది. క్రాంకు ఒక్క చుట్టులో మూడు దెబ్బలు. ఎనిమిదిలో మొదటిది సగంలో వుండగానే రెండవది తోడవుతుంది. చుట్టుకు నాలుగు దెబ్బలు. తేరు లాగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. నలుగురు ఆగి ఆగి లాగితే తేరు కుదుపుతో కదులుతుంది. ఒకరి పట్టు సడలకముందే ఇంకొకరు అందుకుంటే తేరు నీళ్ల మీద తేలినట్టు సాగుతుంది.

రెండవ లాభం పిస్టను బరువులో వున్నది. మూడు లీటర్ల ఇంజనును ఆరు భాగాలు చేస్తే ఒక్కొక్కటి 500 సీసీ. ఎనిమిది చేస్తే 375 సీసీ. చిన్న పిస్టను తేలిక, తేలికైనది వేగంగా తిరగగలదు. వేగంగా తిరిగితే అంతే పరిమాణంలో ఎక్కువ శక్తి రాబట్టవచ్చును. పందెపు కార్లవారు ఒకప్పుడు ఎనిమిది, పది, పన్నెండు సిలిండర్ల దాకా పోవడానికి కారణమిదే.

దీనికి ఎదురు ఖర్చు కూడా వున్నది. సిలిండర్లు పెరిగినకొద్దీ రాపిడి పెరుగుతుంది. గోడలు పెరుగుతాయి గనుక వేడి వృథాగా పోతుంది. పిస్టన్లు, వాల్వులు, ప్లగ్గులు, బేరింగులు అన్నీ లెక్కకు లెక్క పెరుగుతాయి. ఇంజను బరువెక్కుతుంది, ఆ బరువు కారు ముందుభాగం మీద పడితే మలుపుల దగ్గర కారు చెప్పిన మాట త్వరగా వినదు. స్పోర్ట్సు కారంటే సూటిగా పోయేదే కాదు, మలుపు తిరిగేది కూడా గదా.

ఇంకొక మాట. ఆరన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఆరు సిలిండర్లు ఒకే వరసలో నిలబెడితే పిస్టన్ల పైకీ కిందికీ కదలికలు ఒకదానినొకటి సరిగ్గా చల్లారుస్తాయి. ఇది చాలా నునుపైన ఇంజనని ఇంజనీర్లే మెచ్చుకుంటారు. కాని పొడవెక్కువ. అవే ఆరింటిని మూడూ మూడుగా వి ఆకారంలో పెడితే పొట్టిగా ఇముడుతుంది గాని ఆ సహజమైన పొందిక కొంత పోతుంది. దానికి వేరే ఉపాయాలు చేయాలి. ఎదురెదురుగా పడుకోబెడితే బరువు నేలకు దగ్గరగా వుంటుంది. జర్మనీ దేశపు పోర్షే కారులో వున్నది ఈ పద్ధతే. ఎనిమిదిని ఈ రోజుల్లో దాదాపు ఎప్పుడూ నాలుగూ నాలుగుగా వి ఆకారంలోనే పెడతారు. కనుక లెక్కతోపాటు అమరిక కూడా అడగాలి.

ఇప్పుడు మా శాఖ నుంచి ఒక ఉదాహరణ. మన విరుదునగర్ మీదుగా మీటరు గేజి రైళ్లు నడిచిన కాలంలో వాటిని లాగిన డీజిలు ఇంజన్లలో ముఖ్యమైనది వై.డి.ఎం.4. పెద్దవారికి ఆ చప్పుడు గుర్తుండేవుంటుంది. దానిలో సిలిండర్లు ఆరు, ఒకే వరస. అశ్వశక్తి సుమారు 1350. బ్రాడ్‌గేజి మీద దేశమంతా తిరిగిన డబ్ల్యు.డి.ఎం.2లో సిలిండర్లు పదహారు, అశ్వశక్తి 2600. రెండూ అమెరికాలోని ఆల్కో కంపెనీ రూపొందించిన ఒకే వంశపు ఇంజన్లు. సిలిండరు వెడల్పు రెంటికీ తొమ్మిది అంగుళాలే. పదహారు గొప్పదైతే మీటరు గేజికి కూడా పదహారే పెట్టవచ్చు గదా? పెట్టలేదు. ఆ సన్నని పట్టాలకు అంత బరువు పనికిరాదు, ఆ బండ్లకు అంత శక్తి అక్కరలేదు. అంటే లెక్కను నిర్ణయించింది గొప్పతనం కాదు, పట్టాలు, బరువు.

ఇంకొకటి కూడా గమనించండి. అదే పదహారు సిలిండర్ల ఇంజనుకు గాలి ఎక్కించే టర్బోనూ తక్కిన భాగాలనూ బాగుచేసి తరవాతి రోజుల్లో 3100 అశ్వశక్తి తీసుకున్నారు. ఒక్క సిలిండరు కూడా కొత్తగా చేర్చలేదు. వున్నవాటికి గాలి బాగా అందించడం కూడా బలమే.

మోటార్లకు వద్దాము. ఆరా, ఎనిమిదా అన్న తగవు నిన్నా మొన్నటిది కాదు. అమెరికాలో షెవ్రొలే కంపెనీవారు 1929 మోడలుతో నాలుగు మాని ఆరు సిలిండర్ల ఇంజను పెట్టి, చవకగా అమ్మారు. దానికి పోటీగా హెన్రీ ఫోర్డు 1932లో ఎనిమిది సిలిండర్ల వి ఇంజనును సామాన్యుడు కొనగల ధరకు తెచ్చారు. అంతకుముందు ఎనిమిదంటే ధనవంతుల సొత్తు. ఈ రెండు కంపెనీల బండ్లూ మన దేశంలో జోడించి అమ్మేవారు. మదురైలో టి.వి.యస్. వారు జనరల్ మోటార్సు బండ్లు అమ్మేవారు, షెవ్రొలే ఆ కుటుంబానిదే. కోయంబత్తూరు ప్రాంతంలో మన తెలుగువారైన జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సు సంస్థనే నిర్మించారు. ఆ కాలపు బస్సు యజమాని దృష్టితో చూడండి. ఫోర్డు ఎనిమిదిలో చురుకు ఎక్కువ. కాని ఆ ఇంజనులో వేడి పొగ బయటికి పోయే దారులు నీళ్ల అరల మధ్యగా పోయేవి. అందువల్ల త్వరగా కాగేది. మన చిత్తిర ఎండలో సాత్తూరు దాటేసరికి రేడియేటరు వుడికిపోతే ఆ చురుకు ఏం చేసుకోను? షెవ్రొలే ఆరులో నిర్మాణం సాదా, రిపేరు సులువు. ఊరూరా ఆగుతూ పోయే బస్సుకు అవసరమైన గుణాలు అవి.

ఇక అచ్చమైన స్పోర్ట్సు కార్లు. ఇక్కడ చరిత్ర రెండు పక్కలా సాక్ష్యం చెబుతుంది.

ఎనిమిది పక్షాన సాక్షి షెవ్రొలే వారి కార్వెట్టు. 1953లో ఆ కారు వచ్చినప్పుడు దానికి వరస ఆరు సిలిండర్ల ఇంజనే, 150 అశ్వశక్తి. చూడ ముచ్చటగా వుందన్నారే గాని కొనేవారు కరువైనారు. తయారీ ఆపేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. 1955లో 195 అశ్వశక్తి గల వి ఎనిమిది పెట్టారు. కారు బతికింది. ఆ తరవాత కార్వెట్టుకు ఎనిమిది సిలిండర్లు తప్పలేదు, నేటికీ అంతే.

ఆరు పక్షాన సాక్షి పోర్షే. వారి 911 కారును 1963లో చూపించారు. ఆరు సిలిండర్లు, రెండు లీటర్లు, 130 అశ్వశక్తి. కొంతకాలానికి ఆ కారు పాతబడిందనీ, దాని స్థానంలో పెద్ద కారు రావాలనీ కంపెనీలోనే తలచి, 1977లో ఎనిమిది సిలిండర్ల 928ని తెచ్చారు. మంచి కారే, మరుసటి ఏడు ఐరోపాలో సంవత్సరపు ఉత్తమ కారుగా బహుమతి కూడా పొందింది. కాని 911 మీద జనానికి మోజు తగ్గలేదు. 928 తయారీ 1995లో ఆగిపోయింది. ఆరు సిలిండర్ల 911 నేటికీ తయారవుతున్నది. పాతదాన్ని తీసివేయడానికి వచ్చిన ఎనిమిదే ముందు ఇల్లు ఖాళీ చేసింది.

రెండు పక్షాలూ ఒకే కంపెనీలో కనిపించేది ఫోర్డులో. 1966లో ఫ్రాన్సు దేశపు లెమాన్స్ ఇరవైనాలుగు గంటల పందెంలో ఏడు లీటర్ల ఎనిమిది సిలిండర్ల కార్లతో ఫోర్డువారు మొదటి మూడు స్థానాలూ గెలిచారు. సరిగ్గా యాభై ఏళ్లకు, 2016లో, అదే పందెంలో తమ తరగతిలో మళ్లీ గెలిచారు. ఈసారి కారులో వున్నది 3.5 లీటర్ల ఆరు, రెండు టర్బోలతో. ఏడు లీటర్ల ఎనిమిది చేసిన పని సగం పరిమాణపు ఆరు చేసింది.

మన దక్షిణదేశపు బిడ్డ, కోయంబత్తూరువాడు నరేన్ కార్తికేయన్ నడిపిన ఫార్ములా వన్ కార్లు చూసినా ఇదే తెలుస్తుంది. 2005లో అతడు జోర్డన్ జట్టుకు నడిపినప్పుడు ఇంజన్లు మూడు లీటర్లు, పది సిలిండర్లు. 2011, 2012లలో హెచ్.ఆర్.టి. జట్టుకు నడిపేసరికి నియమాలు మారి 2.4 లీటర్లు, ఎనిమిది సిలిండర్లు. 2014 నుంచి 1.6 లీటర్లు, ఆరు సిలిండర్లు, టర్బో, తోడుగా ఎలక్ట్రిక్ మోటారు. ఆ ఏడు ఒక్కొక్క కారుకు పందెమంతటికీ నూరు కిలోల ఇంధనమే వాడాలని హద్దు పెట్టారు. పది నుంచి ఎనిమిదికీ, ఎనిమిది నుంచి ఆరుకూ దిగివచ్చిన తరవాత కూడా అవి లోకంలోకెల్లా వేగమైన పందెపు కార్లలోనే వున్నాయి. పోయింది ఒక్కటే, ఆ చెవులు చిల్లులు పడే నాదం. దానికి అభిమానులు బాధపడ్డ మాట నిజం.

ఆ బాధను మేము తక్కువ చేయము. ఇక్కడ కూర్చున్న కుర్రవాళ్లు ఈపాటికి మనసులో అనుకుంటూనే వుంటారు: “ఈయనకు కిరాయి లెక్క తప్ప ఇంకేమీ తెలియదు” అని. స్పోర్ట్సు కారు అవసరం కోసం కొనేది కాదు. నాలుగు వరసల దారి మీద కార్లకు నూరు కిలోమీటర్ల గరిష్ఠ వేగం అని 2018లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ వేగం నిలబెట్టడానికి చదునైన దారిలో మామూలు కారుకు పాతిక, ముప్పయి అశ్వశక్తి చాలు. ఆ లెక్కన మూడు వందలూ అక్కరలేదు, మూడు వందల డెబ్బయ్యీ అక్కరలేదు. మిగిలినదంతా సంతోషం కోసమే. సంతోషం కూడా లెక్కలో రాయదగిన పద్దే. పండుగనాడు పట్టుచీర ఎందుకని అడిగేవాడు ఇంట్లో భోజనం చేయలేడు.

ఆ అబ్బాయితో మేము ఫోనులో మాట్లాడాము. అతడన్న మాట ఇది: “చిన్నాయనా, ఆరు కొంటే ఎనిమిది కొనలేదనే చింత రోజూ వుంటుంది. రెండేళ్లకు అమ్మి మళ్లీ ఎనిమిదే కొంటాను. అప్పుడు రెండుసార్లు నష్టం. ఒకేసారి కొనడం మేలు గదా?” కొట్టిపారేయవలసిన మాట కాదు. కారు మార్చిన ప్రతిసారీ చేతి సొమ్ము పోతుంది. దీనికి మేము చెప్పిన జవాబు మా గూడ్సు ఆఫీసు జవాబే. మూడు ప్రశ్నలు అడిగాము.

మొదటిది, బరువూ దారీ. “నువ్వు రోజూ ఏ దారిన పోతావు?” అన్నాము. ఆఫీసుకు నలభై నిమిషాలు, అందులో సగం సిగ్నళ్ల దగ్గర నిలబడడమే అన్నాడు. పందెపు బాట మీదికి ఏడాదిలో ఎన్నిసార్లు పోతావంటే ఇంకా పోలేదన్నాడు. ఆ దారిలో ఆరుకూ ఎనిమిదికీ తేడా సిగ్నలు పచ్చబడిన మొదటి కొన్ని క్షణాలలోనే తెలుస్తుంది, తరవాతి సిగ్నలు దగ్గర రెండూ ఒకేచోట ఆగుతాయి.

రెండవది, డెమరేజి. రైల్వేతో పనివున్న వ్యాపారులందరికీ ఈ మాట తెలుసును. వ్యాగను గడువు దాటి నిలబడితే కదలకపోయినా డబ్బు పడుతుంది. కారుకు కూడా అంతే. కొన్న ధర కిరాయి వంటిది, ఒకసారి తెలిసిపోతుంది. బీమా, టైర్లు, ఆయిలు, రిపేరు డెమరేజి వంటివి, కారు షెడ్డులో నిద్రపోతున్నా నడుస్తూనే వుంటాయి. అమెరికాలో చిన్న వయసువారు బలమైన ఇంజను కొంటే బీమా ఎక్కువ అడుగుతారు. వాడిన ఎనిమిది కొనేవాడు ఇంకొకటి కూడా చూడాలి: దాన్ని వాడినవాడు దాని బలమంతా పరీక్షించే వుంటాడు. ఆ అరుగుదల కొనేవాడి లెక్కలోకి వస్తుంది.

మూడవది అసలైనది. సరుకు పంపేవాడి పేరుతో పాటు కిరాయి ఎవరు కడతారన్నది కూడా రసీదులో రాస్తాము. “ఈ రెండు సిలిండర్ల కిరాయి ఎవరు కడుతున్నారు?” అని అడిగాము. కాసేపు మాట లేదు. తరవాత, “నాన్న” అన్నాడు.

మేము అతనిని గద్దించలేదు. గద్దించే హక్కు మాకు లేదు. తనకు ముందే తెలిసిన లెక్కను పైకి చదివించాము, అంతే. సభవారు తేల్చి చెప్పమన్నారు గనుక తేల్చి చెబుతున్నాము. ఆ అబ్బాయికి ఇప్పుడు ఆరు. మూడు వందల అశ్వశక్తి భిక్షం కాదు. 1963 నాటి పోర్షేకు రెండింతలకు మించినది. నెలనెలా మిగిలే తేడా ఇక్కడి బ్యాంకికి రావాలి. చేను కాగితాలు తండ్రి చేతికి వచ్చిననాడు, అప్పటికీ మనసు ఎనిమిది మీదనే వుంటే, నిశ్చింతగా ఎనిమిది కొనుక్కోవచ్చును. కారు మార్చినందుకు వచ్చే నష్టం అప్పుడు అతని సొంత నష్టం, అతని సొంత సంతోషానికి. ఆనాటి నాదం చెవికి ఇంకా ఇంపుగా వుంటుందని మా నమ్మకం.

ఇది అందరికీ ఒకే తీర్పు అనుకోకండి. అప్పులేనివాడు, పందెపు బాట దగ్గర వున్నవాడు, రెంచి పట్టడం చేతనైనవాడు ఎనిమిది కొంటే మేము ముందుగా వెళ్లి ఎక్కి కూర్చుంటాము. అప్పుడు ఎనిమిదే సరి. అమ్మేవాడు మొదట లెక్క చెబుతాడు, కొనేవాడు మొదట దారి చెప్పాలి. మన ఊళ్లలో కార్లు కొనేవారికీ, లారీలు కొనేవారికీ, కొడుకు పెళ్లికి మండపం మాట్లాడేవారికీ కూడా ఈ మాట వర్తిస్తుందని మా మనవి. పక్కింటివారు ఎనిమిది పెట్టారని మనం ఎనిమిది పెట్టనక్కరలేదు. వారి పట్టాలు వేరు, మన పట్టాలు వేరు.

అష్టైశ్వర్యాలు కలగాలని పెద్దలు దీవిస్తారు. మేమూ అదే కోరుతున్నాము. కాని ఈ రోజు ఉదయం మనందరి ఇళ్లలో చేసిన పచ్చడిలో రుచులు ఆరే. వాటితో ఏడాది మొదలుపెట్టడానికి ఇంతవరకు ఎవరికీ తక్కువ కాలేదు.